కాసేపు ఊరికే కూర్చుందాం రండి

ఈ మధ్య మీ వీధిలో అరుణాచలం వెళ్ళిరాని ఇల్లు ఏదైనా మిగిలిందా? మా వైపు పెద్దగా మిగల్లేదు. పౌర్ణమి దగ్గర పడుతోందంటే చాలు, అటు ఆంధ్రా ఆర్టీసీ, ఇటు తెలంగాణ ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేసేస్తున్నాయి. దారిలో కాణిపాకం, వెల్లూరు బంగారు గుడి కూడా చూపించేస్తారు. తీరా తిరువణ్ణామలైలో దిగితే రాష్ట్రం దాటామన్న అనుమానమే రాదు. హోటలు బోర్డు తెలుగులో, లాడ్జీ గుమస్తా పలకరింపు తెలుగులో, ఆటో అబ్బాయి బేరం తెలుగులో. చాగంటివారి ప్రవచనం విని బయల్దేరినవాళ్ళు కొందరు, మొక్కు ఉండి వచ్చినవాళ్ళు కొందరు, పక్కింటివాళ్ళు వెళ్ళొచ్చాక మనం వెళ్ళకపోతే బాగుండదని వచ్చినవాళ్ళు ఇంకొందరు. ఏ కారణంతో వస్తేనేం, కొండకి అభ్యంతరం ఉన్నట్టు కనపడదు.

వెళ్ళొచ్చినవాళ్ళని నేనొక ప్రశ్న అడుగుతూ ఉంటాను. మొన్న మా వదినగారినీ అడిగాను.

"ఎలా అయింది వదినగారూ ప్రయాణం?"

"దివ్యంగా అయిందండీ. తెల్లవారుజామున మూడింటికి నడక మొదలెట్టాం. ఇంద్ర లింగం దగ్గర్నుంచీ ఈశాన్య లింగం దాకా అన్నీ చూశాం. గుళ్ళో క్యూ చూస్తే కళ్ళు తిరిగాయి. కాళ్ళు బొబ్బలెక్కాయనుకోండి, అయినా వదల్లేదు."

"రమణాశ్రమం వెళ్ళారా?"

"వెళ్ళకేం? సమాధి మందిరంలో ప్రదక్షిణాలు చేశాం. నెమళ్ళకి ఫొటోలు తీశాం."

"మరి కాసేపు కూర్చున్నారా?"

"అయ్యో, టైమెక్కడిదండీ! బస్సువాడు హారన్ కొట్టేస్తుంటేనూ."

వదినగారిని ఆటపట్టించడానికి చెప్పడం లేదండోయ్. ఆవిడ పద్నాలుగు కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచిన మనిషి, మనలో ఎంతమందిమి నడవగలం? నా బాధల్లా ఒకటే. అక్కడిదాకా వెళ్ళి, ఆ ఊళ్ళో అన్నిటికన్నా తేలిగ్గా దొరికేదాన్ని వదిలేసి వచ్చేస్తున్నాం. టిక్కెట్టు లేదు, క్యూ లేదు, కొబ్బరికాయ అక్కర్లేదు. ఊరికే కూర్చోవాలి, అంతే.

ఆ ఊరికి పేరు ఇవాళ్టిది కాదు. పంచభూత లింగాల్లో అక్కడిది అగ్ని లింగం. 217 అడుగుల రాజగోపురం మొదలుపెట్టించింది మన రాయలవారే, వేయికాళ్ళ మంటపమూ ఆయన చలవే. కాని గడిచిన నూరేళ్ళలో దేశదేశాల జనాన్ని అక్కడికి లాక్కొచ్చినది గోపురం కాదు. ఒక కుర్రాడు వచ్చి ఊరికే కూర్చోవడం.

మీకు తెలిసిన కథే, అయినా ఒక్కసారి వినండి. మదురైలో చదువుకుంటున్న పదహారేళ్ళ వెంకట్రామన్. కాలేజీ ఫీజు కట్టిరమ్మని అన్నగారు ఐదు రూపాయలు చేతికిస్తే అందులో మూడు తీసుకుని, రెండు ఒక చీటీతో పాటు ఇంట్లో వదిలేసి రైలెక్కేశాడు. డబ్బు దారిలోనే చాలలేదు. కొంత నడిచాడు. కీళూరులో చెవిపోగులు తాకట్టు పెట్టి నాలుగు రూపాయలు తెచ్చుకున్నాడు. 1896 సెప్టెంబరు 1న అరుణాచలం చేరి, తిన్నగా గుళ్ళోకి వెళ్ళి వచ్చి, మిగిలిన చిల్లరనీ, దారిలో ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిన మిఠాయి పొట్లాన్నీ అయ్యంకుళం చెరువులో పారేసి, గుండు చేయించుకుని, వేయికాళ్ళ మంటపంలో కూర్చున్నాడు.

పవిత్ర స్థలం, పైగా అంతటి మహానుభావుడు. ఆహా ఎంత ప్రశాంతంగా ధ్యానం సాగిందో అనుకుంటాం కదూ? ఊళ్ళో పోకిరీ పిల్లలు రాళ్ళు వేశారండీ. వాళ్ళ బాధ పడలేక మంటపం కిందనున్న పాతాళ లింగం గుహలోకి దిగితే అక్కడ చీకటి, తేమ, పురుగులు. తొడలు పుళ్ళు పడి చీము కారుతున్నా ఆయనకి తెలియలేదట. శేషాద్రిస్వామి లాంటి సాధువులు కనిపెట్టుకుని ఉండి, చివరికి నలుగురూ కలిసి ఎత్తి బయటికి తీసుకొచ్చారు. ధ్యానానికి ఏసీ గది, సువాసన వచ్చే కొవ్వొత్తి, చెవిలో పిల్లనగ్రోవి పాట అంటూ ఫోన్లో నెలసరి చందాలు కట్టే మన కాలం వాళ్ళకి ఈ సంగతి కొంచెం చేదుగానే ఉంటుంది.

అలా కూర్చుని జనం నోట బ్రాహ్మణస్వామి అయిన ఆ కుర్రాడికి రమణ మహర్షి అని పేరు పెట్టింది కూడా మనవాడే. బొబ్బిలి దగ్గర కలవరాయి ఊరివాడు, నవద్వీపంలో పండితుల్ని ఆశుకవిత్వంతో మెప్పించి కావ్యకంఠ బిరుదు కొట్టుకొచ్చిన గణపతిశాస్త్రి. మంత్రజపం అంటే ఆయన తర్వాతే ఎవరైనా. కోట్లకొద్దీ జపం చేశాడు. అయినా తపస్సంటే ఏమిటో అంతుపట్టలేదని దిగులు. 1907 నవంబరు 18, కార్తీక ఉత్సవాల రోజులు. మిట్టమధ్యాహ్నం ఎండలో కొండెక్కి విరూపాక్ష గుహ ముందు ఆ యువకుడి కాళ్ళు పట్టుకుని, చదవాల్సినవన్నీ చదివాను, చేయాల్సిన జపమంతా చేశాను, తపస్సు అంటే ఏమిటో మీరే చెప్పాలి అన్నాడు. పావుగంట మౌనం. ఆ తర్వాత వచ్చిన జవాబు రెండు ముక్కలు. 'నేను' అనేది ఎక్కడ పుడుతోందో చూస్తే మనసు అక్కడ అణిగిపోతుంది, అదే తపస్సు. మంత్రం జపిస్తుంటే ఆ శబ్దం ఎక్కడ పుడుతోందో చూడు, అక్కడా మనసు అణిగిపోతుంది, అదీ తపస్సే.

నాకు ఇందులో నచ్చేది ఆ రెండో ముక్క. అంత జపం చేసిన మనిషిని పట్టుకుని, అదంతా దండగ, మానెయ్ అనలేదు చూశారా? చేస్తున్నదే చెయ్యి, కాస్త వెనక్కి తిరిగి చూడు అన్నాడు. గురువులకి ఉండాల్సిన మర్యాద అది. మన పెద్దమ్మలు లలితా సహస్రనామం పారాయణ చేస్తుంటే, ఇవన్నీ ఎందుకు పెద్దమ్మా, మైండ్‌ఫుల్‌నెస్ చెయ్యి అని సలహాలిచ్చే కుర్రాళ్ళు కొంచెం గుర్తుపెట్టుకోవాలి.

సరే, ఇప్పుడు రమణాశ్రమంలోని పాత హాల్లోకి వెళ్దాం. మహర్షి ఇరవై ఏళ్ళకు పైగా కూర్చున్న గది. పెద్దదేం కాదు. ఆయన పడుకునే సోఫా, దానిమీద ఆయన నిలువెత్తు బొమ్మ, కిటికీలు, నేలమీద ఆసనాలు. ఇంకేం లేదు. చెప్పులు బయట విప్పి, గోడకి ఆనుకునే చోటు దొరికితే అదృష్టం అనుకుంటూ కూర్చుని కళ్ళు మూసుకుంటారు. మొదటి నిమిషం బ్రహ్మాండం. ఎంత నిశ్శబ్దం, ఎంత శాంతి, ఇక్కడే ఉండిపోతే బాగుణ్ణు.

రెండో నిమిషానికి సంత మొదలవుతుంది.

గ్యాసు కట్టేశామా? కట్టేశాం. మూడోరోజు ఆవకాయ కలపమని పనమ్మాయికి చెప్పామా? చెప్పాం, కలుపుతుందో లేదో. పోయినేడాది జాడీ బూజు పట్టింది, ఉప్పు తగ్గింది. ఉప్పు తగ్గిందని నలుగురిలో అన్నది ఎవరు? తోడల్లుడు. ఆయనకి తిండి యావ మొదట్నుంచీ ఉంది. మా పెద్దాడి ఒడుగులో కూడా పప్పులో ఉప్పు లేదని విస్తరి ముందునుంచి లేచిపోలేదూ? ఆ రోజే అడగాల్సింది. ఏమని అడగాల్సింది? ఇదిగో ఇలా... ఇక చూడండి, అప్పుడు నోటికి రాని సమాధానాలన్నీ ఇప్పుడు ఒకదాని వెంట ఒకటి, ఎంత పదునుగా వస్తాయో! మహర్షి బొమ్మ ఎదురుగా, కళ్ళు మూసుకుని, వెన్ను నిటారుగా పెట్టుకుని, తోడల్లుడితో పాత గొడవ మళ్ళీ మొదట్నుంచి.

ఇంతలో పక్కన ఒకావిడ ప్లాస్టిక్ కవరు విప్పుతుంది, గరగర. ఆ మూల ఎవరిదో ఫోను మోగుతుంది. ఆయన దాన్ని ఆపడు, చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసగా, "ధ్యానంలో ఉన్నాను, అరగంటలో చేస్తా" అంటాడు. నిజంగా విన్నాను నేను. బయట నెమలి ఒకటి కొబ్బరిచెట్లు అదిరేట్టు అరుస్తుంది. అందరూ ఉలిక్కిపడతారు. కాని గమనించండి, కవరు గరగర ఆగింది, ఫోను ఆగింది, నెమలి అరిచి ఊరుకుంది. తోడల్లుడు మాత్రం ఊరుకోలేదు.

ఇది మన ఒక్కరి జబ్బేమీ కాదు లెండి. 2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇద్దరు, కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అని, రెండువేల పైచిలుకు మందిని ఐఫోన్ల ద్వారా వేళకాని వేళ పలకరించి, ఇప్పుడు మీరేం చేస్తున్నారు, మీ మనసెక్కడుంది అని అడిగారు. మెలకువలో దాదాపు 47 శాతం సేపు మనసు చేస్తున్న పనిమీద లేదని తేలింది. అలా తిరిగే మనసు సంతోషంగా లేదనీ తేలింది. మనిషి మనసుని అన్నిటికన్నా ఎక్కువ చెదరగొట్టే వస్తువుతోనే ఈ సంగతి కనిపెట్టారు, అది వేరే సరదా. అర్జునుడంతటివాడే మనసుని పట్టడం గాలిని పట్టడంలాంటిదని కృష్ణుడికి మొరపెట్టుకున్నాడు. గాండీవం పట్టిన చేతికే దొరకనిది మనకి బస్సు ఆగిన పది నిమిషాల్లో దొరుకుతుందా?

మరి తోడల్లుణ్ణి ఏం చేయాలి? తరిమితే పోడు. నేను ఆలోచించకూడదు, ఆలోచించకూడదు అని పళ్ళు బిగిస్తే ఆ బిగింపే ఇంకో ఆలోచన. మహర్షి చెప్పిన దారి తమాషాగా ఉంటుంది. ఆలోచనతో పోట్లాడొద్దు, దాని వెంట పోనూ వద్దు. ఇది ఎవరికి వచ్చింది అని అడుగు. నాకు. ఆ నేను ఎవరు? అంతే, అక్కడ ఆగాలి. 1902లో శివప్రకాశం పిళ్ళై అనే ఆయన విరూపాక్ష గుహకి వెళ్ళి అడిగిన మొదటి ప్రశ్నే ఇది. అప్పుడు స్వామి మాట్లాడేవారు కాదు, జవాబులన్నీ రాసి చూపించారు. తర్వాత అదే 'నేనెవరు' అనే చిన్న పుస్తకమైంది. మన వాళ్ళు చాలామంది ఇక్కడ ఒక తొందరపాటు చేస్తారు. ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పేసుకుంటారు: నేను ఆత్మని, నేను సచ్చిదానందాన్ని. పుస్తకంలో చదివింది ఒప్పజెప్పడానికి కొండదాకా ఎందుకు? నేను ఫలానావారి అబ్బాయిని అన్నా ఒకటే, నేను బ్రహ్మాన్ని అన్నా ఒకటే, రెండూ ఆధార్ కార్డు వివరాలే. ప్రశ్న అడిగి, నోరు మూసుకుని, ఆ 'నేను' అనిపించేచోట కాస్సేపు నిలబడటం, అదీ పని. అర నిమిషం నిలబడితే గొప్ప. మళ్ళీ తోడల్లుడు వస్తాడు. మళ్ళీ అడగాలి. చూడ్డానికి ఏమీ చేయనట్టు ఉంటుంది గాని, గంట కూర్చుని లేస్తే పొలం పనికి వెళ్ళొచ్చినంత ఆకలేస్తుంది.

ఇది మాకు చేతకాదు మొర్రో అనేవాళ్ళకీ ఆయన దారి చూపకపోలేదు. 1927లో రాసిన ఉపదేశసారంలో, మొత్తం ముప్ఫై పద్యాలే, ఊపిరిని పట్టుకోమంటారు. మనసూ ఊపిరీ ఒకే మూలంలోంచి వచ్చిన రెండు కొమ్మలు. ఊపిరి నెమ్మదిస్తే మనసు వలలో పడ్డ పిట్టలా ఆగుతుందని అందులో ఉంది. తమిళంలో రాసి, ఆ తర్వాత తెలుగులోకీ, సంస్కృతంలోకీ, మలయాళంలోకీ తనే తెచ్చారు. ముక్కు పట్టుకుని లెక్కలు పెట్టే ప్రాణాయామం అందరికీ అక్కర్లేదు, లోపలికి పోతున్న ఊపిరినీ బయటికి వస్తున్న ఊపిరినీ ఊరికే చూస్తూ ఉంటే చాలనేవారు.

అయితే ఆ వెంటనే ఒక హెచ్చరిక కూడా చేశారు. వలలో పడ్డ పిట్ట చచ్చిపోలేదు. ఊపిరి ఆపితే మనసు అణుగుతుంది గాని, మళ్ళీ లేస్తుంది. దీనికి ఆయన ఒక కథ చెప్పేవారు. గంగ ఒడ్డున ఒక యోగి. బాగా తపస్సు చేసి కళ్ళు తెరిచాడు, దాహమేసింది. శిష్యుణ్ణి నీళ్ళు తెమ్మన్నాడు. శిష్యుడు కమండలం తీసుకుని వెళ్ళేలోపు మళ్ళీ సమాధిలోకి జారిపోయాడు. ఏళ్ళు గడిచాయి, వందల ఏళ్ళు. రాజ్యాలు మారాయి, శిష్యుడు కాలం చేశాడు, గంగ కూడా దారి మార్చుకుని ఎటో పోయింది. ఆ యోగికి ఒకనాడు మెలకువ వచ్చింది. రాగానే కోపంగా అన్న మొదటి మాట: "ఏవిరా, నీళ్ళేవీ?"

ఎంత సమాధిలో ఉన్నా, చివరిగా వచ్చిన ఆలోచన అక్కడే గుమ్మంలో కాచుకుని ఉందన్నమాట. ఈ కథ చదివినప్పటినుంచి, అరగంట ధ్యానంలో ఒళ్ళే తెలియలేదండీ అని ఎవరైనా అంటే నాకు సందేహం. పాత హాల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుంటే ఒళ్ళు తెలియనివాళ్ళు చాలామంది కనిపిస్తారు. కొందరు సన్నగా గురక కూడా పెడతారు. పాపం అలసట, తప్పు పట్టకూడదు. కాని దాన్ని సమాధి అని ఇంటికొచ్చి చెప్పుకోకూడదు.

'వైబ్రేషన్లు' అనే మాట ఒకటి ఈ మధ్య బాగా చలామణీ అవుతోంది. అక్కడ కూర్చుంటే మీకు వైబ్రేషన్లు వచ్చాయా అని అడుగుతారు. కాలు తిమ్మిరెక్కింది అంటాను. నచ్చదు వాళ్ళకి. స్థల మహిమ లేదని కాదు నా వాదన, ఉంటే ఉంది. మనసు నిమ్మళించడాన్ని కూడా లడ్డూ ప్రసాదంలా చేతిలో పడాల్సిన వస్తువుగా చూస్తే మాత్రం, ఇంకా పడలేదే, ఇంకా పడలేదే అన్న ఆత్రం తప్ప ఏమీ మిగలదు. అది క్యూలో నిలబడటమే, కూర్చుని నిలబడటం.

అసలు మహర్షి ఉన్న రోజుల్లో ఆ హాలు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే సూరి నాగమ్మగారి 'శ్రీ రమణాశ్రమ లేఖలు' చదవాలి. గుంటూరు జిల్లా కొలనుకొండలో పుట్టి, పసితనంలోనే భర్తను పోగొట్టుకుని, 1941లో ఆశ్రమానికి చేరుకున్న మనిషి. 1945 నుంచి అన్నగారికి ఉత్తరాలుగా రాస్తూ వచ్చారు, చక్కటి ఇంటి తెలుగులో. అవి చదివితే తెలుస్తుంది, ఆ నిశ్శబ్దం మనం ఊహించుకునే శ్మశాన నిశ్శబ్దం కాదని. ఉడుతలు సోఫా ఎక్కి జీడిపప్పు కోసం మహర్షి చెయ్యి పట్టుకుని లాగేవి. లక్ష్మి ఆవు తిన్నగా హాల్లోకి నడిచి వచ్చేది. ఆయన పేపరు చదివేవారు, వచ్చిన ఉత్తరాలు చూసేవారు, అచ్చు ప్రూఫులు దిద్దేవారు. అంతకుముందు చాలా ఏళ్ళపాటు తెల్లవారకముందే లేచి వంటింట్లో కూరలు తరిగేవారు, పచ్చళ్ళు రుబ్బేవారు. ఇంకో సంగతి. తల్లిగారి సమాధిమీద మాతృభూతేశ్వరాలయం కట్టడం 1939లో మొదలై 1949 మార్చిలో కుంభాభిషేకం జరిగింది. పదేళ్ళు. పక్కన రాతిగుడి లేస్తుంటే ఉలి చప్పుడు రాకుండా ఉంటుందా? ఆ చప్పుడులోనే దేశదేశాల వాళ్ళూ వచ్చి కూర్చున్నారు, మనసు కుదుటపడిందని రాసుకున్నారు. పాల్ బ్రంటన్ అనే ఇంగ్లీషు పాత్రికేయుడు అడగాల్సిన ప్రశ్నలన్నీ మూట కట్టుకుని వచ్చి, ఆయన ఎదురుగా కూర్చున్నాక అవి ఒక్కొక్కటే రాలిపోయాయని 1934లో పుస్తకమే వేశాడు.

చలంగారి సంగతి చెప్పకుండా అరుణాచలం కబుర్లు పూర్తికావు. 'మైదానం' రాసి దేశమంతా తిట్లు తిన్న మనిషి. గుడి, గురువు, సంప్రదాయం దేన్నీ వదలకుండా ఏకిపెట్టిన మనిషి. స్నేహితుడు చింతా దీక్షితులుగారి పుణ్యమా అని ఆ కొండ పరిచయమైంది. 1950 మొదట్లో బెజవాడ వదిలిపెట్టి, తనవాళ్ళని వెంటబెట్టుకుని అక్కడికి మకాం మార్చేశారు. ఎవరికోసం వెళ్ళారో ఆయన ఆ ఏప్రిల్ 14న వెళ్ళిపోయారు. మనమైతే ఏం చేస్తాం? ఇంకేముందిక్కడ అని సామాను సర్దుకుంటాం. చలంగారు కదల్లేదు. 1979 మే 4న కన్నుమూసేదాకా, ఇరవై తొమ్మిదేళ్ళు అక్కడే. ఆయన రాతలమీద ఎవరికెన్ని పేచీలున్నా, ఈ కూర్చోవడాన్ని మాత్రం నేను నమస్కారం పెట్టి ఒప్పుకుంటాను.

మరి మనసు మనదే, చప్పుడు మనదే అయితే అంతదూరం ఎందుకు, ఇంట్లోనే కూర్చోవచ్చుగా అంటారు మీరు. కూర్చోండి, ఎవరొద్దన్నారు? కుక్కరు మూడో విజిలు వేస్తుంది, కొరియరు వాడు కాలింగ్ బెల్లు కొడతాడు. గీతలో కూడా ధ్యానానికి చోటు చూసుకోమనే చెప్పారు. శుచిగా ఉండాలి, మరీ ఎత్తూ మరీ పల్లమూ కాకూడదు, దర్భ పరిచి, పైన జింకచర్మం, ఆపైన గుడ్డ, ఇంత వివరంగా. చోటుతో పనిలేకపోతే ఇదంతా ఎందుకు చెబుతారు? నాకు తోచినంతలో, అలాంటి చోట్ల మనకి రెండు మేళ్ళు జరుగుతాయి. ఒకటి, అక్కడ మనతో ఎవరికీ పని లేదు. మనం ఫలానా అని ఎవరికీ తెలియదు, మన ఉద్యోగం, మన హోదా, మన బాకీలు ఏవీ ఆ గుమ్మం దాటి రావు. తోడల్లుడు ఒక్కడే వస్తాడు, వాడితోనైనా ముఖాముఖీ తేల్చుకోవచ్చు. రెండోది సిగ్గు. అవునండీ, సిగ్గే. పక్కన డెబ్భై ఏళ్ళ ముసలాయన కదలకుండా కూర్చుని ఉంటే, పది నిమిషాలకే లేవడానికి మనకి మొహం చెల్లదు. ఇంకాసేపు, ఇంకాసేపు అని కూర్చుంటాం. ఆ 'ఇంకాసేపు'లోనే ఎప్పుడో మనసు కొంచెం సర్దుకుంటుంది. పక్కవాడు మనకి చేసే సాయం అది, వాడికి తెలియకుండానే. మనల్ని చూసి ఇంకెవరో కూర్చుంటారు. ఆ హాలు అలా నడుస్తోంది.

గిరి ప్రదక్షిణం మాత్రం ధ్యానం కాదా అని వదినగారు అలిగారు. ఎందుకు కాదు? నిండు నెలల మహారాణి అడుగు వేసినట్టు వేయాలని అక్కడ పెద్దల మాట. అంత మెల్లిగా, అంత జాగ్రత్తగా, ఎడమపక్కనుంచి నడుస్తూ. కుడిపక్క వరస దేవతలకీ సిద్ధులకీ వదిలిపెట్టాలట. మహర్షి కూడా 1926 దాకా చుట్టేవారు, ఒక్కోసారి రెండు మూడు రోజులు పట్టేది, అక్కడక్కడ కూర్చుంటూ, వండుకుని తింటూ. మనం నాలుగు గంటల్లో కొట్టేశాం, మూడున్నరలో కొట్టేశాం అని చెప్పుకుంటున్నాం. ఫోను అడుగుల లెక్క చూపించి వాట్సాప్‌లో పెడుతున్నాం. కొందరికి ఆ ఓపికా లేదు, ఆటోలో కూర్చుని కొండ చుట్టూ తిరిగేస్తున్నారు. మోకాళ్ళు లేనివాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి ఆటో దేవుడిచ్చిన రథం. ముప్ఫై ఏళ్ళ కుర్రాళ్ళని ఆటోలో చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. పౌర్ణమి రాత్రి అయితే లక్షల జనం, మైకులు, జొన్నకంకులు, చిన్న పిల్లల ఏడుపులు. అది తిరునాళ్ళు. తిరునాళ్ళు తిరునాళ్ళలా బాగుంటుంది, దాన్ని ధ్యానమని మాత్రం అనకండి.

కాబట్టి వదినగారూ, మీరూ, ఈసారి పౌర్ణమి వదిలేసి మామూలు బుధవారమో గురువారమో చూసుకోండి. కార్తీక దీపం రోజులు అసలే వద్దు. ఆశ్రమంలో గది కావాలంటే చాలా ముందుగా రాసి అడగాలి, అద్దె అంటూ లేదు, మీకు తోచింది ఇవ్వచ్చు. పొద్దున్నే హాల్లోకి వెళ్ళండి, ఫోను గదిలోనే వదిలేసి వెళ్ళండి, ఆఫ్ చేసి జేబులో పెట్టుకోవడం కాదు. అంత దూరం కుదరకపోతే మీ ఊరి శివాలయం ఉంది. మధ్యాహ్నం పూజారిగారు తలుపులేసి ఇంటికెళ్ళాక మంటపంలో మీరూ నందీ తప్ప ఎవరూ ఉండరు. ఆశ్రమానికే వెళ్తే మాత్రం ఒక్క సంగతి: అక్కడ మధ్యాహ్న భోజనం పదకొండున్నరకే వడ్డించేస్తారు. సమాధి నుంచి ఆ వేళకి లేవండి.